సబ్జెక్ట్ పుస్తకమే ఇంగ్లీషు పాఠం కావాలా?

"ఇంజనీరింగ్ పిల్లలకు ఇంగ్లీషు క్లాసులో కథలు, వ్యాసాలు దండగ. సబ్జెక్ట్ పుస్తకంలో పేజీలే చదివిస్తే ఇంగ్లీషూ వస్తుంది, సబ్జెక్టూ వస్తుంది" అన్న మాట తెగ షేర్ అవుతోంది. దానికి నాలుగు కారణాలు కూడా చెబుతున్నారు. నా లెక్కలో నాలుగూ నిలబడవు.

మొదటిది, పిల్లలకు అడ్డుపడేవి సాంకేతిక పదాలేనట. టార్క్, కెపాసిటర్ లాంటివాటిని లెక్చరర్ బొమ్మ గీసి మరీ చెబుతారు, లెక్కల్లో పదేపదే వస్తాయి, పరీక్ష నాటికి నోటికి వచ్చేస్తాయి. అస్యూమ్, డిరైవ్, సిగ్నిఫికెంట్ లాంటివాటి దగ్గర మాత్రం ఆగి ఎవరూ వివరించరు. ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ఇలాంటి 570 పద కుటుంబాలతో (ఒక పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) ఒక జాబితా ప్రచురించారు. ఆమె పరిశీలించిన అకడమిక్ రచనల్లో దాదాపు పదో వంతు ఈ పదాలే. ఇవి ఆర్థికశాస్త్ర వ్యాసంలోనూ దొరుకుతాయి. మరి సబ్జెక్ట్ పుస్తకమే కావాలన్న పట్టు దేనికి?

రెండోది, ఎంత కష్టమైనది చదివిస్తే అంత త్వరగా వస్తుందట. అన్నింటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. డిక్షనరీ సాయం లేకుండా సాఫీగా అర్థం కావాలంటే నూటికి 98 పదాలు తెలిసుండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకులు చెబుతారు. అంటే 300 పదాల పేజీలో తెలియనివి 6. నూటికి 90 మాత్రమే తెలిస్తే తెలియనివి 30 అవుతాయి. అన్నిసార్లు ఆగి వెతుక్కునేవాడికి పేరా చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు. ఏదైనా పాఠం ఎంచుకునే ముందు ఒక పేజీ ఇచ్చి, తెలియని పదాల కింద గీత గీయమంటే చాలు, పది నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. చాలామంది మేష్టర్లు ఈ పని చేయరు, ఎందుకో మరి!

మూడోది, ఒకే దెబ్బకు రెండూ వస్తాయట. సబ్జెక్ట్ పేజీ తెరిస్తే విద్యార్థి చూపు ఫార్ములా మీదికి, బొమ్మ మీదికి, సాల్వ్ చేసిన లెక్క మీదికి పోతుంది. మధ్యలో రాసినదంతా దాటేసినా మార్కులు పడతాయి. పైగా పాఠ్యపుస్తకం తేలిపోయిన విషయాలనే చెబుతుంది. ఒకరు వాదించడం, ఇంకొకరు కాదనడం, ఆధారం చాలదని ఒప్పుకోవడం అందులో అరుదు. ఉద్యోగంలో తలనొప్పి తెచ్చేది అలాంటి రాతే.

ఇంజనీరింగ్ వాసన తప్పనిసరి అనుకుంటే ప్రమాద విచారణ నివేదికలు ఉన్నాయి. 1999లో అంగారకుడి దగ్గరికి నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక ఎందుకు పోయింది? ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో (బ్రిటిష్ కొలత) ఇచ్చిన అంకెలను న్యూటన్ సెకన్లు (మెట్రిక్ కొలత) అనుకుని వాడారు. 2003లో కొలంబియా అంతరిక్ష షటిల్ ప్రమాదం మీద వచ్చిన నివేదికైతే, సాంకేతిక పత్రాల బదులు స్లైడ్లతో సరిపెట్టడాన్ని కూడా తప్పుపట్టింది. ఇలాంటి నివేదికలోంచి రెండు పేజీలు తేలిక చేసి ఇచ్చి, ఏది రుజువైంది, ఏది ఊహ, ఏది సిఫారసు అని అడగండి. క్లాసులో వాదన దానంతటదే లేస్తుంది.

ఇక నాలుగోది, కథలు దండగన్న మాట. చదివే వేగం పెరగాలంటే సులువైనది బోలెడంత చదవాలి, తర్వాత ఏమైందన్న ఆత్రం కథలోనే ఉంటుంది. కథ చివర పది ప్రశ్నలు తగిలించి ఆ ఆత్రాన్ని చంపేస్తే అది కథ తప్పు కాదు.

డేటాషీట్లు (పరికరాల కొలతలు, పరిమితులు చెప్పే పత్రాలు), మాన్యువల్స్ వద్దనడం లేదు. వాటిని మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవరు. కావలసిన విలువ ఎక్కడుందో, దాని కింద చిన్న అక్షరాల్లో ఏ షరతు పెట్టారో పట్టుకోవడం నేర్చుకోవాలి. ప్రాజెక్టు చేసే ఏడాది అందుకు తగిన సమయం, అప్పుడైతే ఆ విలువతో వాళ్ళకు నిజంగానే పని పడుతుంది.