టీ ధర పెరగలేదండీ, తగ్గింది

బోస్టన్ టీ పార్టీ (బ్రిటిష్ పాలనలో ఉన్న అమెరికా వలసల్లో టీ పెట్టెల్ని సముద్రంలో పారేసిన ఘటన) మీద మీ వ్యాసం బాగుంది. కానీ "టీ మీద పన్ను పెంచేసరికి బోస్టన్ జనం తిరగబడ్డారు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. నిజానికి బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1773 టీ చట్టం కొత్త పన్నేమీ వెయ్యలేదు. పౌను బరువు టీకి 3 పెన్నీల పన్ను 1767 చట్టం నాటిదే. కొత్త చట్టం ఈస్టిండియా కంపెనీకి లండన్‌లో కట్టే సుంకం మాఫీ చేసి, తన ఏజెంట్ల ద్వారా నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. దాంతో డచ్చివాళ్ల దగ్గర్నుంచి దొంగచాటుగా వచ్చే టీ కన్నా కంపెనీ టీయే చవకయ్యే పరిస్థితి వచ్చింది!

మరి కోపం ఎందుకంటే, స్థానిక వ్యాపారుల (అందులో స్మగ్లర్లూ ఉన్నారు లెండి) పొట్ట కొట్టారు. బోస్టన్ ఏజెంట్లలో మసాచుసెట్స్ గవర్నర్ హచిన్‌సన్ కొడుకులే ఇద్దరు. పైగా ఆ టీ కొంటే, తమ ప్రతినిధి లేని పార్లమెంటు తమమీద పన్ను వెయ్యొచ్చని వలసవాసులు ఒప్పుకున్నట్టే. అందుకే డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు సముద్రంలో పడ్డాయి. అదంతా చైనా టీ. అస్సాం తోటలు అప్పటికి లేనే లేవు.

ఈ చట్టం దివాలా అంచుకొచ్చిన కంపెనీని ఆదుకోవడానికే. అది ఆ స్థితికి రావడానికి 1770 బెంగాల్ కరువు కూడా ఒక కారణం. ఆ సంగతి అమెరికన్లకు తెలుసు. ఫిలడెల్ఫియా లాయరు జాన్ డికిన్సన్ 1773లో రాసిన లేఖలో, బెంగాల్‌ను పిండిన కంపెనీ ఇప్పుడు మన మీద పడుతోందని హెచ్చరించాడు. వ్యాసంలో ఈ ముక్క లేకపోవడమే నాకు వెలితిగా అనిపించింది.

అన్నట్టు, 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల పక్షానికి లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్సే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన మీద విడిగా ఓ వ్యాసం రాయండి.