సరైన ఆన్సర్‌కి కాదు, తేడాకి మార్కులు వేయండి

షికాగో ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన డేవిడ్ విల్లార్డ్, ఆ నగరంలో భవనాల అద్దాలకు గుద్దుకుని చనిపోయిన వలస పక్షులను ఏళ్ల తరబడి స్వయంగా కొలిచారు. 1978 నుంచి 2016 వరకు 52 జాతులు, 70,716 పక్షులు. ఆ లెక్కలతో 2020లో వెలువడిన పరిశోధనలో పక్షుల కాలి ఎముక 2.4 శాతం పొట్టిదైందని, రెక్క 1.3 శాతం పెరిగిందని తేలింది. ఇంత చిన్న మార్పును నమ్మగలిగామంటే ఒక కారణం, కొలిచిన చెయ్యి ఒక్కటే కావడం.

మన డిగ్రీ క్లాసులో ముప్పై మంది ముప్పై చేతులతో కొలుస్తారు. హెర్బేరియం షీటు (మొక్కను ఎండబెట్టి అతికించిన కాగితం) ఫొటోను ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పక్కనున్న స్కేలు మీద గీత లాగి, ఇది ఇన్ని సెంటీమీటర్లని చెప్పాలి. ఆ తర్వాతే ఆకు కొలత. తప్పు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఫొటోలో సెంటీమీటరుకు దాదాపు 118 పిక్సెళ్లు. ఒక్క సెంటీమీటరు మీదే గీత లాగి 6 పిక్సెళ్లు అటూ ఇటూ అయితే పొడవులో 5 శాతం తేడా, వైశాల్యంలో సుమారు 10 శాతం. అదే పది సెంటీమీటర్ల మీద లాగితే పొడవులో తేడా అర శాతమే. ఇది ఎంతసేపు చెప్పినా తలకెక్కదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే ఆకును వేర్వేరుగా కొలిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తొడిమను కలపాలా వద్దా, పురుగు తిన్న చిల్లును ఏం చేయాలి అన్న గొడవా అప్పుడే లేస్తుంది. లేవాలి కూడా.

అసలు నమూనా చేతిలో ఉంటే మంచిదే. ఎండిన ఆకు పచ్చి ఆకు కంటే కుంచించుకుపోయి ఉంటుంది, ఫొటోలో మందం తెలియదు. కానీ 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సేకరణలు చాలావరకు యూరప్‌లో ఉన్నాయి. కాకినాడ విద్యార్థికి వాటి ఫొటోనే దిక్కు. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కూడా తన షీట్ల ఫొటోలను ఆన్‌లైన్‌లో పెట్టింది.

కాబట్టి ఫొటోల కొరత లేదు. చిక్కంతా మన ప్రాక్టికల్స్ అలవాటుతోనే. "ఎంత రావాలి సార్?" అని ముందే అడిగి, రీడింగు కుదిర్చి, రికార్డు నింపేయడం ఎవరికి తెలియదు? పిల్లల్ని తిట్టి లాభం లేదు, మార్కులు దానికే వేస్తున్నాం. ఇద్దరి రీడింగులూ, వాటి మధ్య తేడా, ఆ తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు రాస్తే సగం మార్కులు ఇవ్వాలి. కొట్టివేతలున్న రికార్డుకి ఒక మార్కు ఎక్కువేసినా నాకు అభ్యంతరం లేదు.

కంప్యూటరే కొలిచేస్తుంటే ఇదంతా ఎందుకు అంటారు. అలా తనంతట తానే కొలిచే ప్రోగ్రాముకు నేర్పడానికీ, అది సరిగ్గా కొలిచిందో లేదో చూడటానికీ మనుషులు కొలిచిన ఆకులే కావాలి. కుదిర్చిన రీడింగులిస్తే అది నేర్చుకునేదీ కుదర్చడమే.