నిబంధనకు తరుగు ఉందా?

పలాసలో ఒక బాప్టిస్టు సంఘం. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారానికి, అంటే ఒకే బల్ల దగ్గర రొట్టె పంచుకోవడానికి, ముందు విశ్వాసులంతా లేచి నిలబడి సంఘ నిబంధన, అంటే దేవుడికీ ఒకరికొకరికీ ఇచ్చిన మాట, చదవడం అక్కడ పాత అలవాటు. మామయ్య పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు, సంఘ పెద్ద. మేనల్లుడికి కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. నిబంధన చదవడం మొదలుకాగానే బయటికి వచ్చేసిన అల్లుణ్ణి ఆరాధన ముగిశాక మామయ్య వరండాలో పట్టుకున్నాడు. మనుషులు కల్పితం. నేను మామయ్య పక్షమే, అది దాచను. అయినా అల్లుడి నోరు నొక్కలేదు. నొక్కితే ఊరుకునే రకం కాదతను.

మామయ్య: అందరం నిలబడితే నువ్వు చెప్పులు వేసుకుని వచ్చేశావు. ఫోను వచ్చిందా, మనసు రాలేదా?

అల్లుడు: మనసే రాలేదు మామయ్యా. నిలబెట్టుకోలేనని తెలిసిన మాటను నెలనెలా దేవుడి ముందు చదవడం నావల్ల కాదు.

మామయ్య: నిలబెట్టుకోలేనిది ఏముంది అందులో? ఒకరి భారం ఒకరం మోస్తాం, చాడీలు చెప్పం, లావాదేవీల్లో న్యాయంగా ఉంటాం. మీ తాతగారు చదివారు, మీ అమ్మ చదివింది.

అల్లుడు: చదివారు. నిలబెట్టుకున్నారా? దేవుడు అబ్రాముతో నిబంధన చేసిన ఆదికాండం 15వ అధ్యాయం చూడండి. పెయ్యను, మేకను, పొట్టేలును రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టింది అబ్రాము. ఆ ఖండాల మధ్య నడిచి మాటకు కట్టుబడింది మాత్రం పొగలేచే పొయ్యి, మండే దివిటీ. అంటే దేవుడొక్కడే. అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు. రెండో పక్షం నిద్రపోతున్నా నిబంధన నిలిచింది. ఇక మనుషులు లేచి మాటిచ్చిన చోట్లు చూద్దాం. సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలు జనమంతా ఏకకంఠంతో యెహోవా చెప్పినవన్నీ చేస్తామన్నారు. మోషే కొండ మీద నలభై రోజులు ఉండిపోయేసరికి పూజకు బంగారు దూడ తయారైంది. యెఫ్తా మొక్కుకున్నాడు, కన్నకూతురు బలైంది. నీతో చావడానికైనా సిద్ధమని యేసుతో అన్న పేతురు కోడి కూసేలోగా ఆయనెవరో ఎరగనన్నాడని ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. అందుకే కదా యిర్మీయా 31లో దేవుడు కొత్త నిబంధన చేస్తానన్నాడు! మీ పితరులు భంగం చేసినదానిలాంటిది కాదు, నా ధర్మాన్ని హృదయాల మీదే రాస్తాను అన్నాడు. ఆయన గుండెల మీద రాస్తానన్నదాన్ని మీరు కాగితం మీద అచ్చు వేయించి అప్పజెప్పిస్తున్నారు. ఇంకొకటి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి మొక్కు తీర్చుకునేవాళ్లను మన ప్రసంగాల్లో తప్పుపడతాం. డిసెంబరు 31 రాత్రి "నా జీవితం నీకు ప్రతిష్ఠిస్తాను ప్రభువా, మా వాడికి ఉద్యోగం రానివ్వు" అని మోకాళ్లూనితే అది మొక్కు కాక మరేమిటి?

మామయ్య: ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. అలాంటి ప్రార్థనలు నేనూ విన్నాను, ఆమేన్ అన్నాను. అయితే ఆ రాత్రి సంగతి నువ్వే ఎత్తావు కనుక అడుగుతాను. పన్నెండు దాటగానే పళ్లెంలో వాగ్దాన కార్డులు తిప్పుతాం కదా. ఈ ఏడు నీకు వచ్చింది నీ బల్ల అద్దం కింద పెట్టుకున్నావు, చూశాను. "నీ నామమును గొప్ప చేయుదును." ఆ వచనం అక్కడితో అయిపోలేదు నాయనా. నీవు ఆశీర్వాదంగా ఉంటావు అని ఉంది తరవాత. కార్డులో చోటు చాలలేదో ఏమో, అది అచ్చు వేయలేదు. దేవుడు నీకిచ్చిన మాట అద్దం కింద భద్రంగా ఉండాలి, నువ్వు ఆయనకిచ్చినది నెలకోసారి చదవడం కూడా బరువు! ఆయన ఒక్కడే నడిచాడు, నిజమే. యిర్మీయా 31 నోటికి వచ్చినవాడివి మూడు అధ్యాయాలు ముందుకు వెళ్లలేకపోయావా? బబులోను సైన్యం చుట్టుముట్టినప్పుడు సిద్కియా రాజు, యెరూషలేము పెద్దలు భయపడి, తమ దగ్గరున్న హెబ్రీ దాసదాసీలను విడిచిపెడతామని నిబంధన చేశారు. దూడను రెండుగా కోసి ఆ ఖండాల మధ్య నడిచారు. వదిలేశారు కూడా. తరవాత మళ్లీ పట్టుకొచ్చి దాస్యంలో పెట్టారు. ఆ అధ్యాయంలో నిద్రపోయినవాడు ఎవడూ లేడు. అక్కడ దేవుడు కోప్పడింది విగ్రహాల మీద కాదు, పనిచేసేవాళ్లకిచ్చిన మాట తప్పినందుకు. నీ ఫ్యాక్టరీలో తరుగు ఎంత తీస్తున్నారు?

అల్లుడు: తరుగుకూ దీనికీ ఏమిటి సంబంధం?

మామయ్య: మొన్న శనివారం నీ కాటా పక్కన కూర్చున్నాను. ఒకామె పొట్టు తీసిన పప్పు తెచ్చింది. గుండు, బద్ద, నూక దేనికది వేరుచేసి పెట్టింది. కాటా నాలుగు కిలోల రెండు వందలు చూపింది. మీ గుమస్తా పుస్తకంలో నాలుగు అని రాశాడు. ఆమె కాటా వైపు తలెత్తి కూడా చూడలేదు. చూసినా ఉపయోగం లేదని ఎన్నాళ్లకు తెలిసి ఉంటుందో!

అల్లుడు: తేమ ఉంటుంది, పొట్టు ఉంటుంది. బజారంతా అదే పద్ధతి. 2018లో తిత్లీ తుఫాను తోటలన్నీ కూల్చేసినప్పుడు కూడా నేను ఒక్కరిని మానిపించలేదు. క్రిస్మస్‌కు చీరలు పెడతాను. ఆసుపత్రికి అంటే వడ్డీ లేకుండా అడ్వాన్సు ఇస్తాను. ఇవి మీ నిబంధన చదివి చేసినవి కావు.

మామయ్య: చీర నీ దయ. ఆ రెండు వందల గ్రాములు ఆమెవి.

అల్లుడు: సరే, నా కాటా తూచారు. ఇప్పుడు మీది. మీ అమ్మాయి, వెనక వీధి అబ్బాయి ఒకే ఉదయం బారువ దగ్గర సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నారు. నేను తువాలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. క్రీస్తులో అందరూ ఒక్కటే అని పాస్టరు అయ్యగారు చదివారు. ఆ అబ్బాయి నాన్న సంబంధం మాట్లాడటానికి మీ ఇంటికి వస్తే టీ ఇచ్చి, మాకూ మీకూ కుదరదన్నారు. ఏది కుదరలేదు? ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు కదా!

(ఇక్కడ వాదన పక్కదారి పట్టింది. అసలు ఊరు ఆ దారిలోనే ఉందనిపించి పట్టనిచ్చాను.)

మామయ్య: ఇంటి విషయం ఇక్కడెందుకు? మీ అత్తయ్య తరఫువాళ్లు, చుట్టాలు, రేపు చిన్నదాని పెళ్లి...

అల్లుడు: బజారంతా అదే పద్ధతి. అంతేనా మామయ్యా?

మామయ్య: మాట తిప్పి కొట్టడం బాగా నేర్చావు.

అల్లుడు: 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కులం వదిలి వచ్చాడు. ఈ పూట ఆయన కీర్తన ఎత్తుకున్నది మీరే. గొంతు బాగుంది కూడా.

మామయ్య: తగిలింది. ఇప్పుడు ఒకటి చెప్పు, కోపంతో అడగడం లేదు. నన్ను ఏ హక్కుతో నిలదీశావు? చుట్టాలు ఎవరూ అడగలేదు. వాళ్ల లెక్కలో నేను చేసింది ఒప్పే. చట్టం కూడా నన్ను పిలిపించి ఇదేమిటని అడగదు. నువ్వు అడిగావు. ఎందుకంటే నేను ఆ నిబంధన గట్టిగా చదవగా విన్నావు. కృప చాలు, మన మాటలు పనికిరావు అన్నవాడివి నన్ను కొట్టడానికి నా మాటే పట్టుకున్నావు! దానికోసమే అది చదవాలంటున్నాను. "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని మన ఇళ్లలో గోడ గోడకూ ఉంటుంది, యెహోషువ 24:15. నాలుగు వచనాల తరవాత ఆ మాటన్న యెహోషువే, మీరు ఆయనను సేవించలేరు అంటాడు. అది పటం కట్టించుకున్న ఇల్లు నేను చూడలేదు. జనం అయినా సేవిస్తామన్నారు. అయితే మీమీద మీరే సాక్షులు అన్నాడు, పెద్ద రాయి తెచ్చి నిలబెట్టాడు. చేయలేరని తెలిసే మాట తీసుకున్నాడు. దేవుడికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు, నువ్వన్నట్టు ఆయన ఒక్కడే నడవగలడు. మరిచిపోయేది మనం. మరిచిపోయినప్పుడు పక్కవాడు అడగడానికి ఒక ఆధారం ఉండాలి. నీ కాటా దగ్గరామెకు ఈ సంఘంలో అలాంటి ఆధారం ఇంకేముంది? ప్రతిష్ఠిత జీవితం అంటే కూడికల్లో కళ్లనీళ్లు పెట్టుకోవడం అనుకుంటున్నాం. శరీరాలను సజీవయాగంగా అర్పించమన్నాడు పౌలు. కాటా తూచే చెయ్యి కూడా ఆ శరీరంలోదే.

అల్లుడు: టీ గ్లాసు అందించి పంపేసిన చెయ్యి కూడా.

మామయ్య: అదీ.

అల్లుడు: అయితే వచ్చే నెల మీరు చదువుతుంటే ఆ అబ్బాయి నాన్న మొదటి వరుసలో నిలబడి ఉంటాడు.

మామయ్య: మూడో వరుసలో ఆమె. నువ్వు మళ్లీ బయటికి పోతావా?

అల్లుడు: ముందు మీరు వాళ్లింటికి వెళ్లండి.

మామయ్య: మీ అత్తయ్యతో మాట్లాడాలి.

అల్లుడు: ఎప్పుడు?

మామయ్య: నువ్వు గుమస్తాకు ఎప్పుడు చెబుతావు?

అల్లుడు: వారం కూలి ఇచ్చేది శనివారం.

మామయ్య: అయితే నాకూ శనివారం దాకా గడువు ఉంది.