దరఖాస్తు ఆన్‌లైన్‌లో, నమ్మకం కౌంటర్ దగ్గర

ప్రభుత్వ సేవలు ఫోన్‌లోకి వచ్చేసినా జనం ఇంకా కార్యాలయాల చుట్టూ చెప్పులరిగేలా ఎందుకు తిరుగుతున్నారని అడిగితే, అధికార వర్గాల నుంచి సాధారణంగా వచ్చే జవాబు ‘అవగాహన లేదు’ అనే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పరిస్థితిని దగ్గరగా చూసినవారెవరూ ఈ మాటను ఒప్పుకోలేరు. ఒంగోలు మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే మహిళ ఫోన్‌పే డబ్బాలో వచ్చే మాట విని లెక్క సరిచూసుకుంటోంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ ద్వారా ఇంటర్ విద్యార్థులు వాట్సాప్‌లోనే హాల్‌టికెట్లు తీసుకున్నారు. అదే ఇంట్లో భూమి, సాగు వివరాలుండే అడంగల్‌లో పేరు మార్పించుకోవాల్సి వస్తే మాత్రం పెద్దాయన కాగితాల సంచి చంకన పెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి బస్సెక్కుతాడు.

ఈ తేడా వయసు వల్లనో చదువు వల్లనో వచ్చింది కాదు, సేవ స్వభావం వల్ల వచ్చింది. హాల్‌టికెట్‌కు కావలసిన వివరం ముందే సిద్ధంగా ఉంటుంది, మధ్యలో ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు, అలాంటిది కాదు. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) విచారించాలి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) నివేదిక ఇవ్వాలి, తహసీల్దారు డిజిటల్ సంతకం పెట్టాలి. ‘మన ఫైలు వీఆర్వో లాగిన్‌లో ఉందంట’ అని ఊళ్లో జనం ఇప్పుడు మామూలుగా అనుకుంటున్నారంటే, పద్ధతి వారికి బాగానే అర్థమైంది. ఆ లాగిన్‌లో ఎందుకు ఆగిందో చెప్పేవారు మాత్రం తెర మీద లేరు.

భూమి విషయంలో ఈ అనుమానానికి పాత మూలాలున్నాయి. బ్రిటిష్ కాలపు భూముల రికార్డు అయిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు తేలనిచోట చుక్కలు పెట్టి వదిలేశారు. తాతల నాటి నుంచి సాగు చేసుకుంటూ శిస్తు రసీదులు దాచుకున్న కుటుంబాల్లో చాలామందికి ఆ చుక్కల సంగతే తెలియదు. ఆ భూములు అమ్మకాల రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాకెక్కాక, కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని వెళ్లినప్పుడు గాని అసలు విషయం బయటపడలేదు. దాన్ని సరిదిద్దడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023 మే 12న కావలిలో నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి చుక్కల భూముల హక్కుల పంపిణీ కార్యక్రమం నిర్వహించారు. వందేళ్ల కిందటి ఖాళీ కంప్యూటర్‌లోకి యథాతథంగా వచ్చి చేరితే నష్టపోయింది సాగుదారు. ఇంత చూసిన రైతు పాత పాసుపుస్తకాన్ని బీరువాలో భద్రంగా దాచుకోవడం, భూ యాజమాన్య రికార్డు 1బిలో కనిపించినదాన్ని వీఆర్వో నోట విన్నాకే నమ్మడం తెలివితక్కువతనం కాదు, ముందుజాగ్రత్త.

ఇక ఓటీపీ సంగతి. కనిగిరి, పామూరు, ఉదయగిరి ప్రాంతాల నుంచి ఎంతోమంది పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లారు. ఊళ్లో మిగిలిన తల్లి గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ఎదుట కూర్చుని వేలు పెడుతుంది. ఏళ్ల తరబడి పొగాకు పనుల్లో అరిగిన వేలిముద్ర పడదు. ఆధార్‌కు ఉన్న నంబరేమో కొడుకుది. సెంట్రింగ్ పనిలో ఉన్న అతను ఫోన్ ఎత్తేసరికి గడువు దాటిపోతుంది. ‘మళ్లీ పంపమని చెప్పమ్మా’ అంటాడు, ఆమె మళ్లీ వరుసలో నిలబడుతుంది. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు హెచ్చరిస్తుంది, చెప్పకపోతే పని కాదని కౌంటర్ అంటుంది. పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు (నకిలీ యాప్‌లు) పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్న రోజుల్లో ఆమె దేన్ని నమ్మాలి?

అయినా ఆమె ఆ కౌంటర్‌కే వస్తుంది. 2011లో వచ్చిన మీసేవ, 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాలు జనానికి అలవాటైపోవడానికి కారణం నా దృష్టిలో ఇదే: అక్కడ పని చేసేది కంప్యూటరే అయినా అడిగితే పలికే మనిషి ఉన్నాడు. సేవలన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి కాబట్టి కౌంటర్లు తగ్గించవచ్చని ఎవరైనా ఆలోచిస్తే అంతకన్నా అన్యాయం ఉండదు.

తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు ఏ కాగితం తక్కువైందో, ఏ సర్వే నంబరులో తేడా వచ్చిందో తేట తెలుగులో రాసి దరఖాస్తుదారు ఫోన్‌కు పంపాలి. ఆ సందేశంలోనే నిర్ణయం తీసుకున్న అధికారి హోదా, కార్యాలయం నంబరు ఉండాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీల్లో, అప్పటికే ఆన్‌లైన్‌లో పెట్టుకుని తిరస్కరణకు గురైనవెన్నో మండలాలవారీగా లెక్క తీసి నోటీసు బోర్డుకు అంటించాలి. ఏ కార్యాలయంలో ఏ పని దగ్గర ఫైళ్లు ఆగుతున్నాయో అప్పుడు కలెక్టరుకూ, అర్జీ పట్టుకుని వచ్చిన రైతుకూ ఒకే కాగితంలో కనిపిస్తుంది.