రడ్డర్ వెనక అంచు గారికి ఒక విన్నపం

అయ్యా వెనక అంచు గారూ,

బెంగళూరు మారతహళ్లిలో మా అద్దింటి కార్ పార్కింగ్‌లో, దుప్పటి పరిచిన బల్ల మీద మహారాజులా పడుకున్న తమరికి, సొంతంగా ఒక చిన్న విమానం కట్టుకుంటూ, దాని తోకలో అటూ ఇటూ తిరిగి దిశ మార్చే రడ్డర్ అనే పలక దగ్గర ఇరుక్కుపోయి, మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి తమ వంకర చూస్తున్న నేను రాసుకునేది.

తమ రేకు మందం 16 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదహారు వంతులు, సుమారు 0.4 మిల్లీమీటర్లు. మా ఆవిడ ఒత్తే అప్పడం నయం. ఇంత సుకుమారానికి ఎన్ని సేవలు చేశానండీ! చిల్లులు వేసి, వాటి అంచున లేచిన బర్రులు గీకి, రివెట్ తల లోపలికి దిగేలా డింపుల్ కొట్టి, రెండు రేకుల మధ్య వెడ్జ్ అనే సన్నటి బద్ద పెట్టి, సీలెంట్ పూసి, తిన్నటి యాంగిల్ బద్దకి క్లెకోలతో, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులతో బిగించి రెండు రోజులు ఆగాను. రివెట్లు ఒక కొస నుంచి వరసగా కొట్టుకుపోకూడదని, కొడితే రేకు సాగి అంచు అలలు తేలుతుందని తెలుసు కాబట్టి, పదింటికొకటి చొప్పున, అదీ సగం సగమే కొట్టుకుంటూ వచ్చాను. అంతా బాగుంది. కరెంటు పోతే కంప్రెసర్ ఆగిపోతుందన్న టెన్షన్‌లో ఆఖరి ఎనిమిది మాత్రం వరసగా లాగించేశాను. (ఇది మనిద్దరి మధ్యే ఉండాల్సిన మాట.)

దారం లాగి చూశాను. పదో వంతు అంగుళం దాకా వంకరని నా ప్లాన్ క్షమిస్తుంది. తమరు అంతకు మించారు.

"ఎవరు చూస్తారండీ, కాస్త పుట్టీ పామేయండి" అంది మా ఆవిడ. పామితే అయిపోయేదే, కానీ కీలు వెనక బరువు పెరిగితే తూకానికని ముందున్న సీసం దిమ్మ చాలదు, ఆ లెక్క తప్పితే వేగం మీద ఫ్లటర్ అనే విపరీతమైన అదురు పుట్టి క్షణాల్లో తోకే ఊడొచ్చు. పోనీ వంకర అలాగే ఉంచుదామంటే, ఎగిరినంతసేపూ ఒక కాలు పెడల్ మీద నొక్కిపెట్టి కూర్చోవాలేమో. 1951లోనే హెచ్‌టీ-2 శిక్షణ విమానాన్ని గాల్లోకి లేపిన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ మాకు కూతవేటు దూరం, ఇక్కడ నేనేమో ఎనిమిది రివెట్ల దగ్గర చతికిలబడ్డాను.

మొన్న టకటక విని ఓనర్ ఆంటీ దిగొచ్చారు. తమరిని ఎగాదిగా చూసి, "బాబూ, మా కుక్కర్ పిడి ఊడింది, దానికీ ఒకటి కొట్టిపెట్టు" అన్నారు. కొట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఈ నెలలో నేను కొట్టిన వాటిలో అంత చక్కగా కుదిరింది ఇంకోటి లేదు.

తమ ఎనిమిదింటినీ నిన్న రాత్రి తలలు డ్రిల్ చేసి పీకాను. ఐదు చిల్లులు బాగానే ఉన్నాయి, మూడు కోడిగుడ్లయ్యాయి. వాటికి తల చిన్నగా, ఒళ్లు ఒక సైజు పెద్దగా ఉండే ఊప్స్ రివెట్లు వేస్తాను. నాలాంటి వాళ్ల కోసం పేరు కూడా పెట్టి అమ్ముతున్నారంటే నేను ఒంటరివాణ్ణి కాదు.

కొత్త సీలెంట్ బుధవారానికి ఆరుతుంది. అప్పటిదాకా ఆ యాంగిల్ మీద నుంచి కదలకండి. పిల్లి ఎక్కితే మాత్రం నా పూచీ లేదు.

ఇట్లు,
తమ సేవలో చెవులు దిబ్బెళ్లు పడ్డవాడు