కిట్ బ్యాగ్ కోసం సదస్సుకి వెళ్లేవాళ్లకి ఓ మాట

సెప్టెంబర్ 24 ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) డే నుంచి జనవరి 12 యువజన దినోత్సవం దాకా మన హైదరాబాద్ కాలేజీల్లో సేవా సదస్సుల సీజన్. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ చూసే ప్రోగ్రాం ఆఫీసర్, మన పీవో సార్, గ్రూపులో మెసేజ్ పెడతారు, "ఆరుగురి పేర్లు పంపండి" అని. ఓడీ పడుతుంది (ఆన్ డ్యూటీ అని, క్లాసుకి రాకున్నా హాజరు), భోజనం పెడతారు, సర్టిఫికెట్ వస్తుంది. అరగంటలో ఆరు పేర్లూ నిండిపోతాయి. రెండ్రోజులు పోయాక ఆ ఆరుగురినీ "ఏం తెచ్చారు?" అని అడగండి. ఒక సంచి, ఒక పెన్ను, స్టేజీ ముందు గ్రూప్ ఫొటో. 'నాట్ మీ బట్ యూ' (నేను కాదు, నువ్వు) అన్న ఎన్‌ఎస్‌ఎస్ నినాదం కింద నిలబడి సెల్ఫీ!

తప్పు పిల్లలది మాత్రమే అనను. తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సింది ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండవుతుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, వేదిక మీద ఉన్న ప్రతివాళ్లకీ రెండేసి ముక్కలు. ఆలస్యమైన ఆ టైమంతా కోసేది దేంట్లోంచి? ప్రశ్నలూ జవాబుల్లోంచి. అంటే సదస్సులో పనికొచ్చే ఒకే ఒక్క భాగంలోంచి. ఆర్గనైజర్లు ఎవరైనా చదువుతుంటే: శాలువాలు సాయంత్రం కప్పండి, ఎవరూ అలగరు.

స్టేజీ మీద వినిపించేవన్నీ గెలిచిన కథలే. మనకి కావలసింది ఎక్కడ చెడిందో ఆ లెక్క. ఒక కాలేజీ వాళ్లు రక్తదాన శిబిరంలో ఇన్ని యూనిట్లు సేకరించామని స్లైడు వేస్తారు, హాలంతా చప్పట్లు. అప్పుడు చెయ్యెత్తి అడగండి: పేర్లిచ్చింది ఎంతమంది, వచ్చింది ఎంతమంది, వెనక్కి పంపింది ఎంతమందిని, ఎందుకు పంపారు? అసలు పాఠం అక్కడుంటుంది. పద్దెనిమిదేళ్లు నిండాలి, 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. హిమోగ్లోబిన్ దగ్గర ఆగిపోయేవాళ్లలో అమ్మాయిలు ఎక్కువ. టిఫిన్ చేయకుండా లైన్లో నిలబడి కళ్లు తిరిగి పడేవాళ్లు ఉంటారు. ఇంకోటి ఎవరూ ముందు చూసుకోరు: ఒకసారి ఇచ్చాక మగపిల్లలు మూడు నెలలు, ఆడపిల్లలు నాలుగు నెలలు ఆగాలి. రెండు నెలల కిందట పక్క కాలేజీ శిబిరానికి మీవాళ్లే వెళ్లొచ్చి ఉంటే, మీ లిస్టులో సగం పేర్లు కాగితం మీదే మిగులుతాయి. ఈ నాలుగు మాటలు తెలుసుకుని వస్తే మీ శిబిరం తేదీ మారుతుంది, ముందు రోజు గ్రూపులో పెట్టే మెసేజ్ మారుతుంది.

మొక్కల సంగతీ అంతే. "జులైలో ఎన్ని నాటారు?" అన్నది ప్రశ్నే కాదు. మే నెలలో ఎన్ని బతికున్నాయి, సెలవుల్లో నీళ్లెవరు పోశారు? కాలేజీ మూతపడేదీ మన ఎండలు ముదిరేదీ ఒకేసారి. మొక్క చచ్చేది అప్పుడే. వాచ్‌మన్‌తో ముందే మాట్లాడి పెట్టుకున్న కాలేజీ ఏదైనా కనిపిస్తే వదలకండి.

ఇక వెళ్లేముందు. ఆరుగురు కలిసి వెళ్లి ఆరుగురూ ఒకే సెషన్‌లో పక్కపక్కన కూర్చోవడం కన్నా దండగ పని లేదు. షెడ్యూల్ వచ్చిన రోజే పంచుకోండి, ఒక్కొక్కరికి రెండు సెషన్లు, ఒక్కో సెషన్‌కి ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లండి. మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ గురించి ఒక పేజీ ప్రింట్ తీయండి: ఎంతమంది వాలంటీర్లు, ఏ బస్తీ లేదా దత్తత గ్రామం, నడుస్తున్న పని ఒకటి, ఆగిపోయిన పని ఒకటి. ఆ చివరిదే ముఖ్యం. "మా దగ్గర ఇది ఆగిపోయింది" అంటే ఎదుటివాళ్లు నోరు విప్పుతారు. మన గొప్పలు చెప్పుకుంటే వాళ్లూ గొప్పలే చెప్తారు.

సదస్సు ఓయూలో (ఉస్మానియా యూనివర్సిటీ) అయితే మెట్రో బ్లూ లైన్‌లో తార్నాకలో దిగి ఆటో ఎక్కండి. మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు అమీర్‌పేటలో మారాలి, పొద్దున పూట ఆ మెట్ల దగ్గర రద్దీకి పావుగంట అదనంగా వేసుకోండి. ఆర్టీసీలో వచ్చే అమ్మాయిలు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మర్చిపోకండి, లేకపోతే ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్ ఇవ్వరు.

టీ బ్రేక్‌లో అందరూ స్పీకర్ చుట్టూ మూగుతారు. మీరు అటు వెళ్లకండి. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని స్లైడ్లు మార్చిన అబ్బాయి ఒకడుంటాడు, పనంతా చేసింది దాదాపు వాడే. వాణ్ని పట్టుకోండి. "అన్నా, పర్మిషన్ లెటర్ ఎవరి పేరు మీద రాసిండ్రు? ఒక ఫొటో తీసుకోవచ్చా? ఖర్చుల షీటు మీ దగ్గరే ఉంటది కదా?" ఈ మూడూ దొరికితే మీకు నెల రోజుల పని తప్పినట్టే. నంబరు తీసుకుంటే 'రవి ఎన్‌ఎస్‌ఎస్' అని సేవ్ చేయకండి, రాత్రికి నలుగురు రవిలవుతారు. పేరు, కాలేజీ, విషయం మూడూ రాయండి. ఆ సాయంత్రమే ఒక మెసేజ్ కొట్టండి, వారం దాటితే మీరెవరో వాళ్లకి గుర్తుండదు.

తిరిగొచ్చాక వారంలోపు యూనిట్‌ని అరగంట కూర్చోబెట్టండి. ఫొటోలు చూపించడానికి కాదు, ఒక్క పని ఎంచుకోవడానికి. ఉదాహరణకి బస్తీలో సాయంత్రం ట్యూషన్ అనుకుందాం. ఇరవైమంది పిల్లలుంటే ఒక్కొక్కరికి ఐదుగురు చొప్పున నలుగురు వాలంటీర్లు చాలు. కానీ లిస్టులో ఆరుగురు ఉండాలి, ఎందుకంటే ఏ రోజు చూసినా ఇద్దరికి ఇంటర్నల్ పరీక్షో జ్వరమో తగులుతుంది. వారానికి రెండ్రోజులు, రెండేసి గంటలు, పదిహేను వారాలు నడిస్తే అరవై గంటలు. ఒక్క రోజూ మానకుండా వచ్చినవాళ్లకి, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి చేయాల్సిన 120 గంటల్లో సగం అక్కడే తేలిపోతుంది. మూడో వారానికి జనం పల్చబడతారు, అది ఎక్కడైనా జరిగేదే. అందుకే మొదటి రోజే తారీఖుల కాగితం గోడకి అంటించి, పేరు ఎదురుగా పేరు రాసి, రాలేనివాళ్లే బదులు మనిషిని వెతుక్కోవాలని చెప్పేయండి. స్కూల్లో చేద్దామనుకుంటే హెడ్మాస్టర్ నోటిమాట మీద ఆగకండి, కాగితం తీసుకోండి. ఆయన బదిలీ అయితే మీ పనీ ఆయనతోనే పోతుంది.

ఆఁ, సర్టిఫికెట్ ఎలాగూ తీసుకుంటారు కాబట్టి: రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గరే పేరు స్పెల్లింగు చూసుకోండి, ఇంటిపేరుతో సహా. తర్వాత దిద్దించుకోవాలంటే ఆ డెస్క్ ఉండదు, ఆ కుర్రాళ్లు ఫోనెత్తరు.