రత్నాలు రాశులు పోసిందెవరు, తవ్విందెవరు?

ఈ వారంలో ఇది నాలుగోసారి. ఫ్యామిలీ గ్రూపులో బావ, టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు, నిన్న పొద్దున్నే మా మేనత్త. అందరూ పంపింది ఒకే మెసేజ్: "తెల్లవాడు రాకముందు మన దేశంలో పేదవాడే లేడు. రత్నాలు రాశులు పోసి అమ్మేవాళ్ళం. ఎవరి కులవృత్తి వాళ్ళకుండేది కాబట్టి నిరుద్యోగం లేదు. ఆడవాళ్ళకు పనిచేసే ఖర్మ లేదు. చివరికి బ్రిటిష్‌వాళ్ళు నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికేశారు."

వేళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం. 1772లో ఈస్టిండియా కంపెనీ మాజీ ఉద్యోగి విలియం బోల్ట్స్ రాసింది బెంగాల్‌లో పట్టుదారం తీసేవాళ్ళ గురించి. కంపెనీ పని బలవంతంగా నెత్తిన పడుతుంటే, అది తప్పించుకోడానికి వాళ్ళ బొటనవేళ్ళు వాళ్ళే కోసుకున్నారని రాశాడు. జరిగింది అంత ఘోరమైతే, దానికి ఇంకో కథ అల్లడం ఎందుకు?

ఆడవాళ్ళకు పని లేదట. మరి నూలు వడికిందెవరు? పడుగుకు గంజి పెట్టిందెవరు, కండెలు చుట్టిందెవరు? మా నాయనమ్మ తెల్లారకముందే రాట్నం ముందు కూర్చునేది. మగ్గం గుంటలో తాత ఒక్కడే కూర్చుంటే చీర దిగదు.

నాకు నిజంగా కడుపు మండేది "పేదవాడే లేడు" అన్న మాటకి. ఆ రత్నాలు ఎక్కడివి? పదిహేడో శతాబ్దంలో గోల్కొండ ఏలుబడిలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గని ఉండేది. ఇప్పుడది పులిచింతల నీళ్ళ కింద ఉంది. వజ్రాలు కొనడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. అవును, పిల్లలే! బీజాపూర్ వైపు రావులకొండ గనిలో, పని బాగా తెలిసినవాడికే ఏడాదికి మూడు వరహాలు కూలి. యాభైమంది కూలీల మీద పన్నెండు పదిహేనుమంది కాపలా. ఒంటిమీద గోచీ తప్ప మరేమీ లేని ఆ మనుషులు దొరికిన రాయిని మింగేసేవాళ్ళట. ఒకడైతే కంటి మూలలో దాచుకున్నాడు. కంట్లో రాయి దాచుకునేదాకా వచ్చినవాడి ఆకలి ఎలాంటిదో, రత్నాల రాశి ఫొటో పంపేవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించండి.

"కులవృత్తి ఉంది కాబట్టి నిరుద్యోగం లేదు" అంటున్నారు. పని ఉండటం వేరు, దాన్ని వదిలే హక్కు ఉండటం వేరు. వెట్టి కూడా పనే కదా! కూలి లేని పని, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. తరతరాలుగా ఒకరి పొలంలో పాలేరుగా ఉన్న కుటుంబం దగ్గరికెళ్ళి "మీకు ఉద్యోగ భద్రత ఉండేది" అని చెప్పగలరా? 1630-32లో దక్కన్, గుజరాత్‌లలో కరువు వచ్చినప్పుడు నేతగాళ్ళూ రైతులూ పిట్టల్లా రాలిపోయారు. ఇంగ్లీషువాళ్ళకు అప్పటికి ఇక్కడ ఉన్నవి మచిలీపట్నంలో ఉన్నలాంటి వర్తక కోఠీలే, రాజ్యం కాదు. కరువు రోజుల్లో పిల్లల్నీ, తమనూ అమ్ముకున్నవాళ్ళను డచ్చివాళ్ళు పులికాట్ రేవు నుంచి బటావియాకు (ఇప్పటి జకార్తా) బానిసలుగా ఓడలకెక్కించారు. కొన్నది డచ్చివాడే, కానీ ఆ అమ్ముకునే స్థితికి తెచ్చిన అప్పులూ పన్నులూ మనవే.

మెసేజ్‌లో ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను. కంపెనీ పాలన వచ్చాక నేతగాడి బతుకు నిజంగానే దిగజారింది. అంతకుముందు కోరమాండల్ తీరంలో వర్తకుడి దగ్గర బయానా (అడ్వాన్సు) తీసుకున్న నేతగాడు, బేరం నచ్చకపోతే ఆ డబ్బు తిరిగిచ్చేసి గుడ్డ ఇంకొకరికి అమ్ముకోగలిగేవాడు. మరీ పీడిస్తే మగ్గం వదిలి, ఇంటిల్లిపాదీ ఇంకో దొర ఏలుబడిలోకి వలసపోయేవాళ్ళు. పనివాడు పోతే ఆదాయం పోతుందని అక్కడి పాలకుడు దిగొచ్చి పిలిపించుకునేవాడు. కంపెనీ చేతికి అధికారం వచ్చాక బయానా వెనక్కి తీసుకోలేదు, గుడ్డ మరొకరికి అమ్మనివ్వలేదు, ఇంటిముందు బంట్రోతుల్ని కాపలా పెట్టింది. మా అత్త ఆ మెసేజ్ మళ్ళీ పంపదలుచుకుంటే, వేళ్ళ కథ తీసేసి ఈ బయానా సంగతి రాసి పంపమని అడిగాను.